70వ నంబరు రోడ్డు మీద 7 ఆటలు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో నా అమెరికా ముచ్చట ఒక పేజీ వేశారు. 2024 జూన్‌లో నార్త్ కరోలినాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, మా అల్లుడితో కలిసి వారం రోజులు కారులో చిన్న ఊళ్లు తిరుగుతూ 7 బేస్‌బాల్ ఆటలు చూసిన సంగతి అది. మాది కొండపి దగ్గర పల్లెటూరు. 32 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈమెకు బేస్‌బాల్‌తో ఏం పని అని మీకు అనుమానం వచ్చినట్టుంది, ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాను. మా అల్లుడి జీతం ఎంత అని అడిగిన ఇద్దరికి మాత్రం జవాబు లేదు.

మైనర్ లీగ్ అంటే చిన్న పిల్లలు ఆడేదా?
— ఒక గృహిణి, కావలి

పేరు విని నేనూ అదే అనుకున్నానండీ. పిల్లలు కాదు, ఇరవై దాటిన కుర్రాళ్లే ఎక్కువ. మన భాషలో చెప్పాలంటే అది నారుమడి. అమెరికాలో టీవీల్లో వచ్చే పెద్ద జట్లు 30. ఒక్కో పెద్ద జట్టుకు కింద 4 మెట్లలో 4 చిన్న జట్లు ఉంటాయి. అన్నిటికంటే కింద సింగిల్ ఎ, ఆ పైన హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ. మొత్తం 120. ఇంతకుముందు 160 ఉండేవి, 2021లో తగ్గించారు. కుర్రాడు కింద మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కాలి. పోసిన నారంతా చేలోకి రాదు కదా, వీళ్లలోనూ ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోతారు.

జీతాలు ఇచ్చేది పెద్ద జట్టు. స్టేడియం నడపడం, టికెట్లు, తినుబండారాలు స్థానిక జట్టు యజమాని వ్యాపారం. అందుకే జట్టుకు ఊరి పేరు ఉంటుంది గానీ, ఏ కుర్రాడు ఎన్నాళ్లుంటాడో ఊరి చేతిలో ఉండదు. రాత్రి ఆడినవాడికి పై మెట్టు నుంచి పిలుపొస్తే తెల్లారి పెట్టె సర్దుకోవడమే.

హైవేలు వదిలేసి ఊళ్ల మీదుగా ఎందుకు తిరిగారు? ఏ దారిన వెళ్లారు?
— ఒక పాఠకుడు, ఒంగోలు

ఒంగోలు నుంచి నెల్లూరుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చినవాళ్లను దారిలో ఏం చూశారని అడగండి, టోల్‌గేటు అంటారు. అదే సింగరాయకొండలో దిగి కందుకూరు మీదుగా వస్తే పొగాకును కాల్చి ఆరబెట్టే బ్యారన్లు, జామాయిల్ తోటలు, రోడ్డుకు అడ్డమొచ్చే గేదెలు అన్నీ లెక్కకొస్తాయి. అల్లుడికి ఇదే చెప్పా. "టైం రెట్టింపు పడుతుంది అత్తయ్యా" అన్నాడు. ఆట సాయంత్రం కదా బాబూ, పొద్దున్నే పోయి మీరేం చేస్తారు అన్నా.

అక్కడ 70వ నంబరు పాత రోడ్డు ఒకటుంది. పడమట కొండల్లోని ఆష్‌విల్ నుంచి హికరీ, గ్రీన్స్‌బరో, బర్లింగ్‌టన్, డర్హమ్, రాలీ మీదుగా తూర్పున కిన్‌స్టన్ దాటి సముద్రం దాకా పోతుంది. పక్కన ఇంటర్‌స్టేట్‌లు, అంటే పెద్ద హైవేలు వచ్చాక దూరం పోయేవాళ్లు దీన్ని వదిలేశారు. బేస్‌బాల్ మైదానాలున్న పాత ఊళ్లు చాలావరకు దీన్ని అంటిపెట్టుకునే ఉన్నాయి. బుధవారం డర్హమ్, గురువారం బర్లింగ్‌టన్, శుక్రవారం గ్రీన్స్‌బరో, శనివారం హికరీ చూశాం. తిరిగొచ్చి ఆదివారం జెబ్యులాన్, సోమవారం విల్సన్. అక్కడి నుంచి 301వ నంబరు రోడ్డు పట్టుకుని మంగళవారం ఫయెట్‌విల్. బేబ్ రూత్ అనే మహా ఆటగాడు 1914లో వృత్తి ఆటగాడిగా తొలి హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టింది ఆ ఊళ్లోనే, గుర్తుగా రోడ్డు పక్కన బోర్డు ఉంది. మా పట్టికలో విల్సన్ లేనే లేదు, ఆ కథ కింద చెప్తా.

మొదటి రోజు వెనక సీట్లో కూర్చున్నా. అల్లుడి పక్కన ముందు సీట్లో కూర్చోవడం మా ఇంటా వంటా లేదు. బర్లింగ్‌టన్ దాటాక సందు రోడ్లలో ఫోన్ దారి చెప్పడం మానేసింది. కాగితం మ్యాపు పట్టుకుని ముందుకు రాక తప్పలేదు. ఇక దిగలేదు.

విల్సన్ వైపు పోతుంటే రెండు పక్కలా పొగాకే. జూన్‌లో నడుమెత్తు పచ్చటి పొగాకు చూడటం నాకు వింత. మనకు అప్పటికి ఆకు కోసి, కాల్చి, వేలం కేంద్రాల చుట్టూ తిరుగుతుంటాం. చేల మధ్య పాత బ్యారన్లు. మనవి ఇటుకవి, వాళ్లవి చెక్కవి. రేకుల పైకప్పు, పొడుగ్గా, కిటికీలు లేకుండా, ఒక పక్కకు వాలి, తీగలు అల్లుకుని. కారు ఆపించి ఒకదాని తలుపు సందులోంచి లోపల తల పెట్టా. ఏళ్ల తరబడి కాల్పు లేకపోయినా చెక్కలో ఆ వాసన ఉంది. తీపిగా, కొంచెం గొంతు పట్టేసేలా. మా అత్తగారు బతికున్నప్పుడు మాఘమాసం రాత్రుళ్లు మా దొడ్లో అదే వాసన. ఇప్పుడు అక్కడ ఈ కాల్పు అంతా గ్యాసుతో, ఇనప పెట్టెల్లాంటి వాటిలో. వేలాలు కూడా దాదాపు పోయాయి. 2004లో ప్రభుత్వం కోటాలు ఎత్తేశాక రైతులు నేరుగా కంపెనీలతో ఒప్పందాలు రాసుకుంటున్నారు. మన రైతుకు అది మంచిదా చెడ్డదా అని మా ఆయనా, మరిదీ ఇప్పటికీ వాదించుకుంటారు. నేను మధ్యలోకి పోను.

డర్హమ్ బుల్స్ అనే జట్టు ఉందట. ఆ ఎద్దు మన ఒంగోలు గిత్త ముందు ఆగుతుందా?
— ఒక రైతు, టంగుటూరు

మా నాన్న గిత్తలు మేపినవాడు, కాబట్టి నా తీర్పు ఒక పక్కకే ఉంటుంది. ఆగదు. దానికి మూపురమే లేదు.

అయినా చూసి తీరాల్సిన ఎద్దు. డర్హమ్ స్టేడియంలో ఎడమ పక్క గోడ పైన పెద్ద బొమ్మ ఎద్దు నిలబడి ఉంటుంది. ఒంటి మీద "ఎద్దును కొట్టు, మాంసం గెలుచుకో" అని, కాళ్ల దగ్గర "గడ్డిని కొట్టు, సలాడ్ గెలుచుకో" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఊరి జట్టువాడు హోమ్‌రన్ కొడితే దాని కళ్లు ఎర్రగా వెలుగుతాయి, ముక్కులోంచి పొగ వస్తుంది, తోక ఊగుతుంది. నా పక్కన కూర్చున్న నాలుగేళ్ల పిల్ల ఆట ఒక్క బంతీ చూడలేదు. ఆ ఎద్దు ముక్కు వైపే చూస్తూ కూర్చుంది. ఆరో ఇన్నింగ్స్‌లో పొగ వచ్చింది. ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది.

ఆ ఎద్దు పొగాకు సంచి మీద నుంచి దిగొచ్చినదే. బుల్ డర్హమ్ అనే పొగాకు ఆ ఊరికి పేరు తెచ్చింది. 1902లో జట్టు పెట్టినప్పుడు పేరు టొబాకోనిస్ట్స్, అంటే పొగాకు వర్తకులు. తర్వాత ఎద్దులయ్యారు. 1995లో కట్టిన ఇప్పటి స్టేడియం పక్కనే పాత సిగరెట్ ఫ్యాక్టరీ, లక్కీ స్ట్రైక్ అని రాసిన పొగగొట్టం, నీళ్ల ట్యాంకు. ఫ్యాక్టరీ 1987లో మూసేశారు, ఇప్పుడు లోపల ఆఫీసులు, హోటళ్లు. మేము పండించిన ఆకు చెక్కు (బేలు) కట్టి వేలానికి పంపడం వరకే నాకు తెలుసు. ఆకు వెళ్లే చోటు అనేది ఒకటి ఉంటుందని ఆ గొట్టం కింద నిలబడినప్పుడే తట్టింది.

మన గిత్త గొప్ప కూడా చెప్పొద్దూ? బ్రెజిల్‌లో కోట్లలో పెరిగే నెలోర్ పశువులు మన ఒంగోలు జాతి సంతతే. ఓడలెక్కిన కాలంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఆ పేరు నిలిచిపోయింది.

రొయ్య పేరుతో జట్టు ఉందని రాశారు. నిజమేనా?
— ఒక రొయ్యల రైతు, నెల్లూరు

హికరీ క్రాడాడ్స్. క్రాడాడ్ అంటే వాగుల్లో, చెరువుల్లో ఉండే మంచినీటి జీవి, రొయ్యకు చుట్టంలాంటిది, ముందు పెద్ద కొండీలుంటాయి. దాని బొమ్మ వేసిన టోపీ ఒకటి మీ కోసమే అన్నట్టు కొన్నా, మా తమ్ముడు కొట్టేశాడు. వాడికీ అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి లెండి.

ఈ చిన్న జట్ల పేర్లు అన్నీ ఇంతే. జెబ్యులాన్‌లో అప్పట్లో మడ్‌క్యాట్స్, అంటే బురదలో తిరిగే మీసాల చేప. ఫయెట్‌విల్‌లో వడ్రంగి పిట్టలు. బర్లింగ్‌టన్ మేజోళ్ల మిల్లుల ఊరు కాబట్టి సాక్ పపెట్స్, మేజోళ్ల తోలుబొమ్మలన్నమాట. అది కాలేజీ కుర్రాళ్ల వేసవి జట్టు, వాళ్లకు జీతం ఉండదు. గ్రీన్స్‌బరో వాళ్లు మిడతలు, అక్కడ కింద పడ్డ బ్యాట్లు కుక్క నోట కరుచుకొచ్చే ఆనవాయితీ ఉంది.

హికరీలో మన రక్తం కూడా ఆడింది. కుమార్ రాకర్ అనే బౌలర్, తల్లి భారతీయ సంతతి. 2023లో అక్కడ ఆడుతుండగానే మోచేతికి ఆపరేషన్ పడింది. కోలుకుని 2024 సెప్టెంబర్‌లో టెక్సాస్ పెద్ద జట్టుకు చేరాడు. మేం వెళ్లేసరికి అతను హికరీలో లేడు.

క్రికెట్ చూసేవాళ్లకు ఈ ఆట అర్థమవుతుందా? బోర్ కొట్టలేదా?
— ఇంటర్ విద్యార్థిని, కందుకూరు

మొదటి రెండు ఇన్నింగ్స్‌లు బోరే. దాచడం ఎందుకు.

కొలతలు చెప్తా. 9 ఇన్నింగ్స్. ఒక్కోదాంట్లో ఒక్కో జట్టుకు 3 అవుట్లు. మన పిచ్ 66 అడుగులు, వాళ్లది 60 అడుగుల 6 అంగుళాలు, బంతి నేలకు తగలకుండా వస్తుంది. 2022 నుంచి ఈ చిన్న లీగుల్లో బంతి వేయడానికి గడియారం పెట్టారు, దాంతో రెండున్నర గంటలు అటూ ఇటూగా అయిపోతుంది.

నాకు ఆట పట్టించింది స్కోరు కాగితం. డర్హమ్‌లో వెనక వరుసలో ఒక పెద్దాయన పెన్సిల్‌తో గళ్ల కాగితం నింపుతున్నాడు. లెక్కల టీచరు కళ్లు వేరే చోటికి ఎలా పోతాయి? అడిగితే ఒక కాగితం ఇచ్చి నేర్పాడు. మైదానంలో ప్రతివాడికీ ఒక అంకె. బంతి వేసేవాడు 1, కీపర్‌లాంటివాడు 2, అలా 9 దాకా. 6-4-3 అని రాస్తే ఆరో నంబరువాడు బంతి అందుకుని నాలుగుకు విసిరాడు, నాలుగు మూడుకు విసిరాడు, ఇద్దరు అవుట్. కొట్టబోయి తప్పి అవుటైతే 'కె' అక్షరం. బ్యాట్ ఊపకుండా గుడ్లప్పగించి చూస్తూ అవుటైతే అదే అక్షరం అద్దంలో కనిపించినట్టు తిప్పి రాయాలి. ఎంత పరువు తక్కువో చూడమ్మా, అవుట్ కావడమే కాకుండా అక్షరం కూడా మొహం తిప్పేసుకుంటుంది! మూడో ఇన్నింగ్స్ నుంచి నేను తలెత్తలేదు. ఏడు ఆటల కాగితాలూ బీరువాలో ఉన్నాయి.

మా ఆయన మాత్రం కారెక్కలేదు. అప్పుడే టీ20 ప్రపంచ కప్ జరుగుతోంది, అదీ అమెరికాలోనే. జూన్ 6న అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించిన టెక్సాస్ స్టేడియం ఉంది చూశావూ, అది ఒకప్పుడు చిన్న బేస్‌బాల్ జట్టు మైదానమే, క్రికెట్‌కు మార్చారు. ఆ మాట చెబితే ఆయన నమ్మలేదు, ఫోన్లో చూపిస్తే అద్దాలు దొరకలేదన్నాడు.

ఆ కుర్రాళ్లకు డబ్బులు బాగా వస్తాయా? మన పిల్లలు ఎవరైనా వెళ్లారా?
— ఒక తండ్రి, కనిగిరి

2023లో సింగిల్ ఎ ఆటగాడికి ఏడాదికి కనీసం 26,200 డాలర్లు, ట్రిపుల్ ఎ వాడికి 35,800. అంతకుముందు సింగిల్ ఎలో 11,000 మాత్రమే. 2022లో వీళ్లు పెద్ద ఆటగాళ్ల యూనియన్‌లో చేరాకే పెరిగింది. అప్పటి రేటుతో రూపాయల్లో వేసుకుంటే 26,200 అంటే 22 లక్షల దాకా కనిపిస్తుంది గానీ, అక్కడ అది చాలీచాలని జీతం. పెద్ద జట్టులో 2024లో కనీసం 7,40,000 డాలర్లు. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఆ కుర్రాళ్లను నడిపిస్తుంది.

మన దేశం నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ వెళ్లారు. ఈ రింకూ మన క్రికెటర్ కాదు. ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసిరే కుర్రాళ్లు, 2008లో ఒక టీవీ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే పిట్స్‌బర్గ్ పెద్ద జట్టు తీసుకుంది. కింది మెట్లు దాటలేదు. రింకూ తర్వాత రెజ్లింగ్‌లోకి పోయాడు.

జెబ్యులాన్‌లో ఒక కుర్రాడు బంతులు వేశాడు. రెండో ఇన్నింగ్స్‌లోనే 4 పరుగులిచ్చాడు, నా కాగితంలో ఆ గడి నల్లబడిపోయింది. మా ముందు వరుసలో ఇద్దరు లేచి నిలబడి ఉన్నారు, అమ్మానాన్నలని తర్వాత తెలిసింది. ఆట అయ్యాక వాడు కంచె దగ్గరికి వచ్చాడు. తల్లి ఏమీ అనలేదు. కంచె పైనుంచి వాడి టోపీ తీసి, చేత్తో జుట్టులో మట్టి దులిపి మళ్లీ పెట్టింది. ఇంతలో ఒక పిల్లాడు బంతి చాపితే దాని మీద సంతకం చేశాడు, చాలా జాగ్రత్తగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు. మీ అబ్బాయిని పంపాలా వద్దా అన్నది మీ ఇష్టం. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శాకాహారులకు అక్కడ ఏం దొరుకుతుంది?
— ఒక పాఠకురాలు, కోవూరు

చెనక్కాయలు. స్టేడియంలో వేయించినవి, పొట్టు కాళ్ల కిందే పారేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. రోడ్డు పక్క బండ్ల దగ్గర ఉప్పు వేసి ఉడకబెట్టినవి, అచ్చం మన తిరునాళ్లలో అమ్మేవే. బంగాళాదుంప వేపుళ్లు, నిమ్మరసం కూడా ఉంటాయి. ఇంటి నుంచి పులిహోర పట్టుకెళితే ఒక స్టేడియంలో గేటు దగ్గరే ఆపేశారు. కారు డిక్కీ మీద పెట్టుకుని తిని, ఆట మొదలయ్యాక లోపలికి పోయాం.

వచ్చే ఏడాది పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. మేమూ చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?
— రిటైర్డ్ ఉద్యోగి, ఉదయగిరి

ఇంచుమించు ఏప్రిల్ మొదట్నుంచి సెప్టెంబర్ సగం దాకా ఆటలుంటాయి. మేం కొన్న టికెట్ ఏదీ 20 డాలర్లు దాటలేదు. బ్యాటర్ వెనక వల ఉన్న చోట కూర్చోండి, బంతి తగులుతుందన్న టెన్షన్ ఉండదు. జూన్, జులైలో సాయంత్రాలు ఉరుముల వాన పడుతుంది, ఆట రద్దయితే అదే టికెట్ మీద ఇంకో రోజు రానిస్తారు, టికెట్ పారేయకండి.

అసలు సంగతి సోమవారం. 2021 నుంచి ఈ లీగుల్లో ఒక జట్టు ఇంకో ఊరికి వెళ్లి మంగళవారం నుంచి ఆదివారం దాకా వరసగా 6 ఆటలు ఆడుతుంది, సోమవారం ప్రయాణానికి సెలవు. పట్టిక వేసింది నేను. సోమవారం కిన్‌స్టన్ అని రాసింది నేనే. 1949 నాటి స్టేడియం, ఎంతో ఊహించుకుని వెళ్తే గేటుకు తాళం, లోపల నీళ్లు చల్లే యంత్రం తిరుగుతున్న చప్పుడు. అల్లుడు ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా అనిపించింది, అంటే బాగుండేది. ఆ జట్టు ఆ సీజన్‌తోనే ఊరు వదిలి సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌కు పోయింది. స్టేడియాలకు పెద్ద లీగు వాళ్లు కొత్త ప్రమాణాలు పెట్టారు, పాత ఊళ్లకు అంత ఖర్చు మోయడం కష్టం. అంటే నేను ఆ జట్టు ఆట ఇక అక్కడ చూడలేను.

గేటు ముందు నిలబడి అల్లుడు ఫోన్లో వెతికితే కాలేజీ కుర్రాళ్ల వేసవి లీగుకు సోమవారం సెలవు లేదని తేలింది. విల్సన్‌లో ఆట ఉంది, 58వ నంబరు రోడ్డు మీద గంట దారి. ఆ జట్టు పేరు టాబ్స్, డర్హమ్ పాత పేరే, టొబాకోనిస్ట్స్‌ను కుదించారు. 1939లో కట్టిన చిన్న స్టేడియం. మేం వెళ్లేసరికి రెండో ఇన్నింగ్స్.

ఆట బంతి ఒకటి తెచ్చుకున్నానని రాశారు. వాళ్లు ఇచ్చారా, కొన్నారా?
— ఒక పాఠకురాలు, పొదిలి

జనంలో పడ్డ బంతి దొరికినవాళ్లదే, అక్కడ పద్ధతి అది. విల్సన్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్. బ్యాట్ అంచుకు తగిలి బంతి మా వైపు లేచింది. వారం రోజులూ నేను అల్లుణ్ని మీరు అనే అన్నాను, పెళ్లయిన నాటి నుంచీ అంతే. ఆ క్షణంలో మాత్రం "పట్టుకోరా నాయనా!" అని అరిచాను. స్టాండ్‌లో సగం మంది తిరిగి చూశారు. బంతి ముందు బెంచీకి తగిలి ఎగిరి వాడి పొట్ట మీద పడింది, రెండు చేతులా అదిమి పట్టేశాడు. అప్పటి నుంచి నువ్వు అనే అంటున్నా.

కొత్త బంతి తెల్లగా నున్నగా ఉంటుందనుకున్నా. చేతిలోకి తీసుకుంటే గోధుమ రంగు, కాస్త గరుకు. పెద్ద లీగుల్లో అయితే బంతి పట్టు జారకుండా డెలావేర్ నది మట్టి తెచ్చి రుద్దుతారట, పక్కన కూర్చున్న ఆవిడ చెప్పింది. ఎర్ర దారంతో కుట్లు. ఇంటికొచ్చాక మా ఆయన ఎన్ని కుట్లున్నాయో చూడమన్నాడు. వంటింట్లోంచి అలాగే వచ్చి వేలు పెట్టి లెక్కపెట్టా. జంట కుట్లు 108. నమ్మక మళ్లీ లెక్కపెట్టా, మళ్లీ 108. నా వేలి పసుపు తోలుకు అంటుకుంది, తుడిస్తే పోలేదు. ఇప్పుడది మా పూజ గది అరలో, కుంకుమ భరిణె పక్కన ఉంది.